తలకంటే ఎత్తున కిటికీలు

అమలాపురంలో ఒక మేడ ఉంది. కింద కొట్లు, పైన నాలుగు అంతస్తులు. ఇప్పుడు దాని చుట్టూ అంతకంటే పెద్దవి చాలా లేచాయి కాబట్టి ఎవరూ తలెత్తి చూడరు. చూసినవాళ్ళకి మాత్రం ఒక సందేహం వస్తుంది. రోడ్డు వైపు కిటికీలు బారెడు వెడల్పున, మోకాలెత్తున మొదలవుతాయి. తూర్పు వైపు కిటికీలేమో నేల నుంచి ఆరడుగుల ఎత్తున మొదలవుతాయి. ఆ గదుల్లో నిలబడితే ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఈమధ్య కొత్తగా ఇంజనీరింగు పూర్తి చేసిన కుర్రాడొకడు ఆ మేడ ఎదురుగా టీ కొట్టు దగ్గర నాతోనే అన్నాడు.

"ఈ కిటికీలు పెట్టినాయన ఎవరో గానండీ, ప్లాను తలకిందులుగా పట్టుకున్నట్టున్నారండి."

నేను టీ తాగుతూ "అలాగే ఉందండి" అన్నాను. ఆ పెట్టినాయన నేనే.

ఇది చదువుతున్న మీలో కొందరు రేపు మేడలు కడతారు. నేను కట్టినవాటికంటే పది రెట్లు ఎత్తు కడతారు, కంప్యూటర్లో గీస్తారు, కట్టకముందే లోపల తిరిగొస్తారు. మీకు నేర్పేంత చదువు నాకు లేదు. డిప్లొమావాణ్ణి. కానీ ఆ కిటికీలు అంత ఎత్తుకి ఎందుకు ఎక్కాయో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఊళ్ళో నేనొక్కణ్ణే మిగిలాను.

డెబ్భైల చివర్లో నేను సింగపూరు వెళ్ళాను. కాకినాడలో డిప్లొమా చేసి, ఇక్కడ ఇరిగేషన్ కాలవలకి గట్లు కొలుస్తూ ఉండగా, ఒక మేడలు కట్టే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ పని దొరికింది. ఓడ రేవు పక్కనే ఊరు, ఊరంటే నిలువుగా ఉన్న ఊరు. మా పేటలో ఇళ్ళు పక్కపక్కన ఉండేవి, అక్కడ ఒకదాని నెత్తిన ఒకటి. ఒక్క మేడలో మా ఊరు మొత్తం పట్టి, పక్కూరి వాళ్ళకి కూడా జాగా మిగులుతుంది. కిటికీల్లోంచి పొడుగాటి వెదుళ్ళు బయటికి చాచి వాటిమీద బట్టలారేసేవారు. ఇరవయ్యో అంతస్తులో ఎవరి లుంగీయో జారితే అది కిందికి రావడానికి ఒక పాట పాడుకునేంత సేపు పట్టేది. రేవులో ఓడలు కూత వేస్తుంటే, ఆ ఎత్తున నిలబడి, నేను పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉండాల్సినవాణ్ణని అనుకునేవాణ్ణి.

మా సైటు పెద్ద ఒక ముసలి చైనీయుడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషు ఇరవై మాటలు, అందులో పది తిట్లు. ఆయనకొక అలవాటుండేది. కిటికీలు పెట్టే ముందు, ఎదుటి మేడలో ఏదో ఒక ఇంటి తలుపు కొట్టి, లోపలికెళ్ళి, వాళ్ళ వంటింట్లో కూర్చునేవాడు. వాళ్ళిచ్చిన టీ తాగి, కాసేపు మా మేడ వంక చూసి వచ్చేవాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు కాబట్టి ముసలాయన ఊరికే వచ్చే టీ కోసం తిరుగుతున్నాడని నిర్ణయించాను.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళాడు. ఒక ముసలావిడ చేపలు వేయిస్తోంది. ఆయన ఆవిడ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, నేను గీసిన కిటికీ ఎక్కడ వస్తుందో వేలితో చూపించి, తిరిగొచ్చి, దాన్ని గజం పక్కకి జరపమన్నాడు. నేను నాలుగు కాగితాలు మళ్ళీ గీయాలి. ఎందుకని అడిగితే, "ఆవిడ అక్కడ వంట చేస్తుంది. నీ కిటికీ ఆవిణ్ణి చూస్తుంది," అన్నాడు, వచ్చిన ఇరవై మాటల్లో. నేను నవ్వాను. ఆ వారం మా స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఇక్కడొక పిచ్చాయన ఉన్నాడని రెండు పేజీలు ఎగతాళి చేశాను. ఇప్పుడు ఆ ఉత్తరం దొరికితే బాగుండును, చింపేద్దును.

ఎనభైల మొదట్లో ఇంటికొచ్చేశాను. నల్లకళ్ళజోడు, బెల్‌బాటమ్ ప్యాంటు, పెట్టె నిండా ఆకాశం తాకే మేడల ఫొటో కార్డులు. నాలుగు నెలలు అమలాపురం గడియారస్తంభం దగ్గర ఎవరు దొరికినా ఆ కార్డులు చూపించాను. కొందరు నేను వస్తుంటే సైకిలు తొక్కడం తొందర చేసేవారట. దొరికినవాళ్ళలో కొబ్బరి వ్యాపారం చేసే ఒక షావుకారుగారు మాత్రం కార్డులు కిందికీ మీదికీ తిప్పి, చాలాసేపు చూసి, "మనూళ్ళో ఇలాంటిది లేస్తదాండీ?" అన్నారు.

"ఎందుకు లేవదండీ?" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు.

ఆయనకి బజారు వీధిలో జాగా ఉంది. అక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. మన కోనసీమ నేల మెత్తదనం మీకు తెలుసు, ఇంటి గోడ నిలబెడితే అది ఏటవాలుగా ఆలోచించడం మొదలుపెడుతుంది. మేడ కుంగిపోతుందని సోడా కొట్టు దగ్గర పందేలు కాశారు, పందెం ఒక కొబ్బరి గెల. నేను మాత్రం నేల సంగతి చాలా శ్రద్ధగా చూసుకున్నాను. సరుగుడు దుంగలు దిగేసి, వాటి మీద ఇనప వల పరిచి, మందంగా కాంక్రీటు బల్ల పోయించాను. ఆ పునాది ఈనాటికీ అంగుళం కదలలేదు. భూమి కింద ఉన్నదంతా ఆలోచించాను. భూమి మీద, గోడకి అవతల మనుషులున్నారన్నది తట్టలేదు.

అవతల, తూర్పున, మా టీచరుగారి ఇల్లు. నాకు అక్షరాలూ ఎక్కాలూ నేర్పినావిడ. మాదీ ఆవిడదీ ఒకే పేట. మా పెద్దలు పరాయి చేలో ఊడ్చి, కోసి బతికినవాళ్ళు. ఆవిడ మిషను బడిలో చదువుకుని, టీచరై, బజారుకి దగ్గరలో సొంత స్థలం కొనుక్కుని రెండు గదుల పెంకుటిల్లు వేసుకున్నారు. నన్ను డిప్లొమాకి పంపమని మా నాన్నతో పోట్లాడిందీ, నా సింగపూరు దరఖాస్తు ఇంగ్లీషులో రాసిపెట్టిందీ ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. రిటైరై, మోకాళ్ళ నొప్పులతో ఒంటరిగా ఉండేవారు.

ఆ రోజుల్లో స్నానాలెలా చేసేవారో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. ఆ వైపు ప్రతి ఇంటికీ, నాలుగిళ్ళ అవతలున్న షావుకారుగారి పెంకుటింటితో సహా, పెరట్లో నూతి పక్కన ఒక దడి ఉండేది. నాలుగు పక్కలా కొబ్బరాకు తడికలు, ద్వారానికి ఒక గోనెపట్టా, పైన ఆకాశం. ఆ వీధిలో టీచరుగారి దడికి మాత్రం గోనెపట్టా బదులు నీలం రంగు చెక్క తలుపు, దానికి లోపల గడియ. తడికల గదికి గడియేమిటని చిన్నప్పుడు మేం నవ్వుకునేవాళ్ళం.

మేడ లేస్తోంది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు. షావుకారుగారు లిఫ్టు కూడా కావాలన్నారు. రోజుకి నాలుగు గంటలు కరెంటుండే ఊళ్ళో లిఫ్టెందుకండీ అనకుండా గొయ్యి వదిలాను. టీచరుగారు రోజూ మధ్యాహ్నం నాకు క్యారేజీ పంపేవారు. సాయంత్రం గోడ మీంచి పలకరించేవారు.

"ఇంకా ఎన్ని అంతస్తులు లేస్తది నాన్నా?"

"మొత్తం నాలుగండీ! తూర్పంతా కిటికీలేనండి. పైనుంచి చూస్తే గోదారి కనపడుద్దండి."

"ఆయ్. మంచిదే," అనేవారు. అని లోపలికెళ్ళిపోయేవారు.

ఇంకొకటి కూడా గమనించాను. మేం ఒక అంతస్తు లేపినప్పుడల్లా వీధిలో దడులు కూడా పెరుగుతున్నాయి. కొబ్బరాకు తడికల మీద తాటాకులు, వాటి మీద పాత చీరలు. ఒకాయన తన దడిని ఇంటి చూరుకంటే ఎత్తు చేశాడు. నా మేడని చూసి వీధి వీధంతా కట్టడాల మీద మోజు పెంచుకుంటోందని సంతోషించాను. ఒట్టు, నిజంగానే అనుకున్నాను. ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు, మనవాళ్ళ మర్యాద అలాంటిది. పక్కింటివాడి మీద కోపమొస్తే కూడా మామిడిపళ్ళు పంపి ఊరుకుంటారు. ఆ ఏడాది నాకు వచ్చినన్ని మామిడిపళ్ళు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నాలుగో అంతస్తు శ్లాబు ఆరి, తూర్పు గోడలో కిటికీలకి కన్నాలు వదులుతున్న రోజు. పొద్దున్న ఎనిమిదిన్నరకి నేను ఒక్కణ్ణే పైకెక్కాను. ఎప్పుడూ పదికి గానీ వచ్చేవాణ్ణి కాదు, సింగపూరు నుంచి వచ్చినవాణ్ణి కదా. కొబ్బరి తలలు పచ్చగా, వాటి చివర గోదారి పాయ సన్నగా మెరుస్తోంది. ఛాతీ పొంగింది. అక్కణ్ణుంచి చూపు కిందికి జారింది.

వీధిలో దడులన్నీ మూతల్లేని పెట్టెల్లా నా కాళ్ళ కింద ఉన్నాయి. నీలం తలుపున్న దడిలో ఒక నల్ల గొడుగు విప్పి ఉంది. వాన లేదు. గొడుగు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, గంగాళంలో చెంబు ముంచి, మళ్ళీ గొడుగు కిందికి పోతోంది.

ముందు నవ్వొచ్చింది. తరవాత ఆ గొడుగుని గుర్తుపట్టాను. బడికి తెచ్చుకునే గొడుగు అది. వర్షాకాలంలో పిల్లల్ని ముగ్గురేసి చొప్పున దాని కింద పెట్టి కాలవ దాటించేవారు. సిగ్గుతో ఒళ్ళంతా మండింది. గబగబా వెనక్కి తిరిగి రెండేసి మెట్లు దిగాను.

కింద మేస్త్రీ, కూలీలూ పడమటి గోడ దగ్గర బీడీలు కాలుస్తున్నారు. అడిగాను, మీకు తెలుసా అని.

"ఆయ్," అన్నాడు మేస్త్రీ నిదానంగా. "పొద్దున్న తొమ్మిదిన్నర దాకా మావెవరం తూర్పేపు పన్జెయ్యవండి. రెండో అంతస్తు కాణ్ణించీ అదే కట్టుబాటండి. తవఁరికి తెల్సనుకున్నావండి."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"సింగపూర్లో ఇలాగే కడతారేవోననుకున్నావండి."



టీచరుగారింటికి వెళ్ళాను. ఆవిడ తల తుడుచుకుంటూ, కుర్చీ వేసి, అట్టు పెట్టారు. గొడుగు మూల ఆరుతోంది. నేను దాని వంకే చూస్తున్నానని ఆవిడ చూశారు.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"చెప్తే ఆపేస్తావేమోనని నాన్నా."

"ఆపేవాణ్ణేనండి!"

"అందుకే చెప్పలేదు. మన పేటలో పుట్టినోడు ఊరందరికంటే ఎత్తు మేడ కడతన్నాడు. చర్చికెళ్తే అందరూ నన్నే అడుగుతున్నారు, మీ శిష్యుడేనాండీ అని. నా గొడుగు కోసం అది ఆపేదా?"

అట్టు చల్లారిపోతోందని కోప్పడి, తరవాత చాలా మామూలుగా, బియ్యంలో రాళ్ళేరుతూ చెప్పారు.

"మా అమ్మ కాలవలో నీళ్ళోసుకునేది. తెల్లారకముందే, చీకట్లోనే. తెల్లారితే ఎవరో ఒకరు గట్టు మీద వచ్చేవోరు. మాకు దడేసుకునే జాగా ఏదీ? నాకు ఉద్యోగమొచ్చేక కూడబెట్టి ఈ స్థలం కొని ముందు దడి కట్టించుకున్నాను, వంటిల్లు తరవాత. మా అమ్మని లోపలికి పంపి, గడియేసుకోమన్నాను. గంటసేపు బయటికి రాలేదు. ఏమైందోనని తలుపు కొడితే, 'ఉండవే, ఎండ తగుల్తంది' అంది. పట్టపగలు స్నానం చెయ్యడం అదే మొదలు."

నాకు ఏడుపొచ్చింది. ఎదుట ఏడవడానికి మొహం చెల్లక అట్టు మొత్తం తినేశాను. వాళ్ళమ్మకి దొరికిన ఆ ఎండని, నా కిటికీల కోసం నేను మళ్ళీ లాక్కున్నాను. ఎదుటి మేడలో పీట మీద కూర్చుని చేపల పొగలోంచి చూసిన ముసలాయన అప్పుడు నా కళ్ళ ముందుకొచ్చాడు. పిచ్చాయన ఎవరో తేలిపోయింది.

సాయంత్రం షావుకారుగారి దగ్గరికి వెళ్ళి, తూర్పు కిటికీలు మూసేద్దామన్నాను.

"ఏవండీ ఇంజనీరుగారూ, సింగపూర్లో గోడ తక్కువ, కిటికీ ఎక్కువని మీరే కదండీ చెప్పేరు?"

"చెప్పేనండి."

"ఇప్పుడు మీరే మూసేయమంటన్నారు."

"ఆయ్."

"ఒంట్లో బానే ఉందాండీ?"

సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. టీచరుగారి దడి మీద కప్పడానికి తాటాకులు తానే పంపిస్తానన్నారు. కప్పేస్తే లోపల చీకటండీ, మోకాళ్ళ నొప్పుల మనిషి, జారి పడతారండీ అన్నాను. లాంతరు కూడా పంపిస్తానన్నారు. కిటికీ తప్ప ఏదడిగినా ఇచ్చేటట్టున్నారు. గోదారి కనపడుతుందనే పైగదులకి అద్దెదార్లు మాటిచ్చారు మరి. అలాగైతే తూర్పు గోడ నేను కట్టలేనండీ, ఇంకొక ఇంజనీరుని చూసుకోండి అన్నాను. నా మొదటి మేడ అది. షావుకారుగారు కోపం తెచ్చుకోలేదు, కాఫీ తెప్పించారు. మా వైపు మనిషిని పనిలోంచి తీసేసేటప్పుడు కాఫీ ఇస్తారు.

మూడు రోజులు పని ఆగింది. నాలుగో రోజు మేస్త్రీ వచ్చి, షావుకారుగారి తల్లి మేడ చూస్తానని పట్టుబడుతున్నారనీ, ఎనభై ఏళ్ళావిడని జాగ్రత్తగా ఎక్కించడానికి నన్ను రమ్మంటున్నారనీ చెప్పాడు. "ఎనిమిదిన్నరకి రమ్మన్నానండి. ఎండెక్కితే ఆవిడికి పడదు కదండీ," అన్నాడు నా మొహం వంక చూడకుండా. తాపీ పట్టిన చేతుల్లో అంత తెలివి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అంతస్తుకొకసారి సిమెంటు బస్తా మీద కూర్చుంటూ ఆవిడ పైదాకా ఎక్కారు. కొడుకు ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకున్నాం. తూర్పు కన్నం దగ్గర నిలబడి ఆవిడ చిన్నపిల్లయిపోయారు.

"అబ్బో! గోదారేరా! అదుగో, చర్చి. అదుగో, మన పెంకుటిల్లు. మన నుయ్యి. మన..."

ఆగిపోయారు. నేను మేస్త్రీ కట్టుబాటు ప్రకారం పడమరకి తిరిగాను కాబట్టి అక్కడేం కనపడిందో నాకు తెలియదు. వినపడింది మాత్రం చెబుతాను.

"ఒరే పెద్దోడా. నీ పెళ్ళాం నీళ్ళోసుకుంటంది."

షావుకారుగారి చెప్పులు వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నీకు అద్దెకొచ్చినోళ్ళందరూ గోదారి చూత్తారా, మీయావిణ్ణి చూత్తారా?"

నా పక్కనే కూలీలంతా పడమటి గోడని ఎంతో దీక్షగా పరీక్షిస్తున్నారు. వాళ్ళ వీపులు కదులుతున్నాయి. షావుకారుగారు అటు తిరిగి, ఇటు తిరిగి, "మూసేయండి! నాలుగు పక్కలా మూసేయండి!" అని కేకేశారు.

ఇక అప్పుడు కిటికీల తరఫున నేను పోట్లాడాల్సి వచ్చింది. గాలి రాకపోతే అది మేడ కాదండీ, కొబ్బరికాయల గొడౌనండీ అని బతిమాలి, చివరికి ఒక దారి చెప్పాను. ఆరడుగుల మనిషి నిలబడ్డా కళ్ళు అందనంత ఎత్తున కిటికీ మొదలుపెడదాం. వెలుగొస్తుంది, గాలొస్తుంది, చూపు బయటికి పోదు. కింది అంతస్తుల్లో అప్పటికే పెట్టిన తూర్పు కిటికీలు కూడా పగలగొట్టించి పైకి లేపాను. నేను కట్టించింది నేనే కూలగొట్టించడం ఊరంతా నిలబడి చూసింది.

మేడ కుంగలేదు. పందెం ఓడినాయన కొబ్బరి గెల ఇచ్చుకున్నాడు. కానీ ఊళ్ళో దాన్ని జైలు మేడ అన్నారు. లిఫ్టు గోతిలో కొట్లవాళ్ళు సైకిళ్ళు పెట్టుకున్నారు. తరవాత మూడేళ్ళు ప్రహరీ గోడలూ గొడ్ల సావిళ్ళూ తప్ప నాకెవరూ పని చెప్పలేదు. ఆ తరవాత చాలా ఇళ్ళు కట్టాను, ఏ ఒక్కటీ ఇరుగుపొరుగు పెరళ్ళలో ముందుగా కూర్చోకుండా గీయలేదు. వెళ్ళిన ప్రతిచోటా టీ ఇచ్చేవారు. నా షుగరు జబ్బుకి కారణం మా వంశం కాదని డాక్టరుగారికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

మేడ పూర్తయ్యాక, ఇంకా అద్దెకెవరూ దిగకముందు, ఒక మధ్యాహ్నం టీచరుగారు వచ్చారు. "నువ్వు కట్టిన మేడ ఎక్కాలనుంది నాన్నా," అన్నారు. అరగంట పట్టింది ఎక్కడానికి. పై అంతస్తు తూర్పు గదిలో నిలబడి, తల పైకెత్తి కిటికీ చూశారు. ఆవిడ పొట్టి మనిషి.

"గోదారి కనపడుద్దన్నావు?"

సున్నం వేసేవాళ్ళు వదిలేసిన స్టూలొకటి ఆ మూల ఉంటే తెచ్చి వేశాను. చెయ్యి పట్టుకుని ఎక్కించి, స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని కింద కూర్చున్నాను. ఆవిడ చాలాసేపు చూశారు. కొబ్బరి తోటలు, చర్చి, సన్నగా గోదారి. "మా అమ్మని తీసుకురావాల్సింది," అన్నారు ఒకసారి. మళ్ళీ చూశారు. తరవాత మెల్లగా తల దించి కిందికి చూశారు.

"ఒరేయ్."

"ఆయ్."

"స్టూలెక్కితే నా దడి కనపడతంది కదరా."

నిలబడే మనిషిని లెక్కలోకి తీసుకున్నాను గానీ ఎక్కే మనిషిని తీసుకోలేదు. "ఇంకో రెండడుగులు లేపేస్తానండి," అన్నాను.

ఆవిడ నవ్వారు. నవ్వుకి స్టూలు కదిలింది, ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"వద్దులే నాన్నా. స్టూలేసుకుని మరీ చూసేవోణ్ణి దేవుడు చూసుకుంటాడు. నీ వంతు నువ్వు చూసుకున్నావు. నన్ను దించు, మోకాళ్ళు లాగుతున్నాయి."

దించి, మెట్ల మీదుగా నెమ్మదిగా ఇంటిదాకా దిగబెట్టాను. వెంటనే వెనక్కి వచ్చి, మళ్ళీ నాలుగంతస్తులూ ఎక్కి, ఆ స్టూలు నేనే నెత్తిన పెట్టుకుని కిందికి దింపేశాను.